ఏఆర్ చీటీ చేతిలో ఉండగా రెటినోస్కోపీ ఎందుకు?

బెజవాడ_ఆప్టోమ్ అడిగిన ప్రశ్న:

ఆప్టోమెట్రీ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ ముగించి బీసెంట్ రోడ్డు దగ్గర ఒక కళ్ళజోళ్ళ షాపులో చేరాను. ఇక్కడ పద్ధతి ఒక్కటే. గడ్డం ఆనించమనాలి, బటన్ నొక్కాలి, ఏఆర్ (ఆటోరిఫ్రాక్టర్, కంటి పవర్ కొలిచే యంత్రం) చీటీలో వచ్చిన పవర్ ట్రయల్ ఫ్రేములో (లెన్సులు మార్చి చూసే ఫ్రేము) వేసి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగాలి. రెటినోస్కోపు (కంట్లోకి వెలుగు పారించి, అక్కడ కదిలే నీడను బట్టి పవర్ కనుక్కునే చేతి పరికరం) తీస్తే మా యజమాని గడియారం చూస్తారు. ఇంటర్న్‌షిప్‌లో బాగానే కుదిరిన చెయ్యి ఇప్పుడు తడబడుతోంది. ఈ షాపులో ఉంటూనే దాన్ని నిలబెట్టుకునే దారి ఉందా? లేక ఏదైనా కంటి ఆసుపత్రిలో ఫెలోషిప్‌కు వెళ్ళిపోవడమే మంచిదా?

అరండల్‌పేట_అక్క:

తమ్ముడూ, గుంటూరులో చాలా కాలంగా ఈ పనే చేస్తున్నాను. ముందు ఆ చీటీని బల్ల మీద బోర్లించు. రెటినోస్కోపీ చేసి నీ అంకె రాసుకున్నాకే తిప్పి చూడు. అంకె ముందే తెలిస్తే నువ్వు నీడను చూడవు, ఆ అంకెకు సరిపోయే నీడను వెతుక్కుంటావు.

యంత్రాన్ని తిట్టడం లేదు. పెద్దవాళ్ళకు అది చాలావరకు దగ్గరి అంకే ఇస్తుంది. పేచీ అంతా పిల్లలతోనే. పెట్టెలోకి చూడగానే బొమ్మ దగ్గరలో ఉందనుకుని పిల్లల కన్ను ఫోకస్ బిగిస్తుంది, లేని మైనస్ వచ్చి కూర్చుంటుంది. రెటినోస్కోపుతో చూస్తే నీడ ఒక క్షణం విత్ (వెలుగుతో పాటే కదలడం), మరుక్షణం అగైనెస్ట్ (ఎదురు కదలడం) అవుతూ ఆ దోబూచి నీకే కనిపిస్తుంది. అటువంటి బిడ్డకు ఆ రోజు కళ్ళజోడు రాయకు. చుక్కల మందు వేసి, కంటి ఫోకస్‌ను సడలించి చేసే సైక్లోప్లీజిక్ పరీక్షకు నేత్రవైద్యుల దగ్గరకు పంపు. తల్లి విసుక్కున్నా సరే.

ఇంకొకటి, కత్తెర నీడ. కాలేజీ కుర్రాడి కంట్లో నీడ రెండు పాయలుగా విడిపోతూ కలుస్తూ ఉంటే కెరటోకోనస్‌ను (కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) అనుమానించి కార్నియా టోపోగ్రఫీకి (ఆ పొర ఆకారం కొలిచే పరీక్ష) పంపాలి. చీటీలో సిలిండర్ (ఒక దిశకూ ఇంకో దిశకూ ఉండే పవర్ తేడా) ఎక్కువగా పడుతుందే కానీ, ఎందుకు పడిందో చీటీ చెప్పదు.

చెయ్యి తడబడుతోంది అన్నావు. నా అనుమానం చెయ్యి మీద కాదు, దూరం మీద. 67 సెంటీమీటర్ల దగ్గర నిలబడితే, వచ్చిన అంకెలోంచి ఆ దూరానికి 1.50 డయాప్టర్లు (పవర్ కొలత) తీసేస్తాం. నీడ మసకగా ఉందని నీకు తెలియకుండానే ముందుకు వంగి 50కి వచ్చావనుకో, తీయవలసింది 2.00. నువ్వు అలవాటుగా 1.50 తీస్తే లెక్క అర డయాప్టర్ ప్లస్ వైపు జరిగిపోతుంది. రెటినోస్కోపు పిడికి 67 సెంటీమీటర్ల దారం కట్టు, రెండో కొస ట్రయల్ ఫ్రేము దాకా లాగి చూసుకో. నవ్వేవాళ్ళను నవ్వనివ్వు.

షాపు మూసే ముందు తోటి ఉద్యోగితో ట్రయల్ ఫ్రేములో తెలియని సిలిండర్ లెన్సు ఒకటి పెట్టించుకుని, యాక్సిస్‌తో (ఆ సిలిండర్ ఉన్న కోణం) సహా కనుక్కో. రోగి లేడు, తొందర లేదు, జవాబు వెంటనే తెలుస్తుంది. నాకు తెలిసి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు.

గవర్నర్‌పేట_షాపు:

మేడమ్, చెప్పడానికి బాగుంటుంది. ఆదివారం సాయంత్రం బెంచీ నిండా మనుషులు కూర్చుని ఉంటే ఈ దారాలూ కత్తెరలూ కుదరవు. ఏఆర్ ఇచ్చిన అంకె మీద సబ్జెక్టివ్ (రోగిని అడుగుతూ లెన్సులు మార్చి చూడటం) సరిగా చేస్తే చాలు.

అరండల్‌పేట_అక్క:

ఆ "సరిగా" అన్న చోటే ఉంది అసలు విషయం, సార్. మీ షాపులో డ్యుయోక్రోమ్ (సగం ఎరుపు, సగం ఆకుపచ్చ వెలుగులో అక్షరాలు చూపే చార్టు) చివరిసారి ఎప్పుడు వెలిగింది? అలవాటైన చేతికి రెండు కళ్ళ రెటినోస్కోపీ పెద్ద పని కాదు. తల తిరుగుతోందని తిరిగొచ్చిన కళ్ళజోడుకు లెన్సులు మళ్ళీ వేయించే ఖర్చు ఎవరి జేబులోది? అందరికీ చేయమనను. పిల్లలకు, చీటీలో అంకెలు నిలకడగా లేనివారికి, పాత కళ్ళజోడుకూ కొత్త అంకెకూ పొంతన లేనివారికి మాత్రం చేయవలసిందే.

పెదకాకాని_రోడ్డు:

డ్యుయోక్రోమ్ మాట వచ్చింది కాబట్టి చిన్న మాట. అక్షరాలు ఎరుపులో స్పష్టంగా ఉన్నాయంటే మైనస్ ఇంకొంచెం కావాలి, ఆకుపచ్చలో అంటే మైనస్ ఎక్కువైంది. రంగులు పోల్చుకోలేని వారికీ ఇది పనిచేస్తుంది, ఎందుకంటే అది రంగు గుర్తుపట్టే పరీక్ష కాదు, రెండు రంగుల కాంతి వేర్వేరు చోట్ల ఫోకస్ కావడం మీద నడిచే పరీక్ష. వాళ్ళను "ఎడమ వైపా, కుడి వైపా" అని అడిగితే సరిపోతుంది.

బెజవాడ_ఆప్టోమ్:

అక్కా, దారం ఈ రోజే కడతాను. ఫెలోషిప్ సంగతి చెప్పలేదు మీరు.

అరండల్‌పేట_అక్క:

పిల్లల కళ్ళు, లో విజన్ (కళ్ళజోడుతోనూ చూపు సరిపోనివారికి సాయం), కాంటాక్ట్ లెన్సులు, వీటిలో ఏదో ఒకదాని మీద మనసుంటే వెళ్ళు. షాపు మీద విసుగుతో మాత్రం వెళ్ళకు. షాపులో దొరికే పాఠాలు ఆసుపత్రిలో దొరకవు. మంగళగిరి నుంచి నేత కార్మికుడు వస్తే వయసు చూసి యాడ్ (దగ్గర చూపుకు కలిపే పవర్) రాసి పంపేస్తారు, అదీ 40 సెంటీమీటర్ల చార్టు చూపించి. మగ్గం మీద నూలు అంత దగ్గరగా ఉంటుందా? కూర్చున్నట్టు కూర్చోమని టేపుతో కొలువు. 60 వచ్చిందనుకో, అక్కడ ఫోకస్‌కు కావలసిన మొత్తం 1.67 డయాప్టర్లు, 40 దగ్గర 2.50. ఎక్కువ యాడ్ ఇస్తే మనిషి రోజంతా మగ్గం మీదకు వంగి పనిచేయాలి. మా వైపు మిర్చి యార్డు నుంచి ఎర్రబడిన కళ్ళతో నీళ్ళు కారుస్తూ వచ్చేవాళ్ళు ఉంటారు. ఆ కంటి మీద ఆ రోజు ఏ అంకె వచ్చినా నమ్మకు, కన్ను తేటపడ్డాక రమ్మను.

ఫెలోషిప్‌కు వెళ్ళినా వెళ్ళకపోయినా ఒక నోటు పుస్తకం పెట్టుకో. నీ అంకె, యంత్రం అంకె, చివరికి రోగి ఒప్పుకున్న అంకె, ఈ మూడూ పక్కపక్కన రాయి. పేర్లు వద్దు. ఎక్కడ పదేపదే తేడా పడుతోందో నీకే తెలుస్తుంది. సిలిండర్ యాక్సిస్‌లోనే అయితే మళ్ళీ ఇక్కడ అడుగు, దానికి వేరే మాట్లాడుకుందాం.