తెర పాడైతే లాగౌట్ తప్పదా? వేలాండ్‌లో షెల్ రీస్టార్ట్ లేకపోవడంపై చర్చ

తూర్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

ఉబుంటు లినక్స్ 22.04లో ఎక్స్‌ఆర్గ్ సెషన్ (తెరను నడిపే పాత ఎక్స్11 పద్ధతి) వాడినన్నాళ్లూ నాకు ఒక ధైర్యం ఉండేది. ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి లేచాక ఒక్కోసారి వాల్‌పేపర్ రంగురంగుల గళ్లుగా మారిపోయేది, పై ప్యానెల్‌లో అక్షరాలు చెదిరిపోయేవి. ఆల్ట్+ఎఫ్2 నొక్కి, వచ్చిన పెట్టెలో 'ఆర్' అని కొట్టి ఎంటర్ ఇస్తే చాలు, గ్నోమ్ షెల్ (ప్యానెల్, విండోలు చూసుకునే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్) మళ్లీ మొదలయ్యేది. తెరిచిన విండోలు ఎక్కడివక్కడే ఉండేవి. టెర్మినల్‌లో నడుస్తున్న పని కూడా ఆగేది కాదు.

ఇప్పుడు 25.10కి మారాను. ఇందులో గ్నోమ్‌కి ఎక్స్‌ఆర్గ్ సెషన్ లేదు, ఉన్నది ఎక్స్11కి బదులుగా వచ్చిన వేలాండ్ ఒక్కటే. అదే 'ఆర్' కొడితే వేలాండ్‌లో రీస్టార్ట్ కుదరదని సందేశం వస్తోంది. అంటే తెర పాడైతే లాగౌట్ అవ్వాలి. లాగౌట్ అంటే రాస్తున్న ఫైళ్లు, తెరిచిన ట్యాబులు, గంటల తరబడి నడుస్తున్న రెండరింగ్, అన్నీ పోతాయి.

నేను అనేది ఒక్కటే. గ్రాఫికల్ సెషన్ ఆపకుండా తెరను సరిచేసుకునే దారి డెస్క్‌టాప్‌లో ఉండి తీరాలి. దాన్ని తీసేసి, బదులు ఏమీ ఇవ్వకపోవడం తప్పు. మీరేమంటారు?

మూలకణం

తూర్పుగాలి గారూ, ఒక సౌకర్యం ఎవరో కావాలని తీసేశారని మీరు అనుకుంటున్నారు. అలా జరగలేదు. వేలాండ్ నిర్మాణంలోనే దానికి చోటు లేదు.

1987 నాటి ఎక్స్11లో తెరను, కీబోర్డును చూసుకునేది ఎక్స్ సర్వర్. ప్రతి అప్లికేషనూ దానికే కనెక్ట్ అవుతుంది. విండో మేనేజర్ కూడా దాని దృష్టిలో ఇంకో అప్లికేషన్ మాత్రమే. అందుకే గ్నోమ్ షెల్ పడిపోయి లేచినా మీ బ్రౌజర్‌కి తెలిసేది కాదు, దాని కనెక్షన్ సర్వర్‌తో కదా. 2008లో మొదలైన వేలాండ్‌లో మధ్యవర్తి లేడు. విండోలన్నిటినీ కలిపి తెర మీద గీసే కంపోజిటరే డిస్ప్లే సర్వర్ కూడా. అప్లికేషన్లన్నీ నేరుగా దానికే కనెక్ట్ అవుతాయి. అది ఆగితే కనెక్షన్లన్నీ తెగుతాయి, అప్లికేషన్లు మూసుకుపోతాయి. గ్నోమ్‌లో ఆ కంపోజిటర్ ఉండేది షెల్ ప్రాసెస్‌లోనే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. 'ఆర్' కొట్టే అలవాటు చాలా బగ్గులను ఏళ్ల తరబడి కప్పిపెట్టింది. గ్నోమ్ షెల్ మెమరీ పెరిగిపోతూ పోయేది గుర్తుందా? రోజూ షెల్ రీస్టార్ట్ చేసి సర్దుకుపొమ్మని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. 2018లో డెవలపర్లు కూర్చుని వెతికితే, జావాస్క్రిప్ట్ ఇంజన్‌లో చెత్త ఏరివేత (ఇక వాడని మెమరీని ఖాళీ చేయడం) సమయానికి జరగడం లేదని తేలింది. అది సరిచేశాక రీస్టార్ట్ అవసరం తగ్గింది.

మీ గళ్ల సమస్య కూడా అలాంటిదే. మీది ఎన్విడియా కార్డు అయ్యుండాలి. ఆ డ్రైవర్ మామూలుగా స్లీప్‌కి వెళ్లేటప్పుడు వీడియో మెమరీ మొత్తాన్ని దాచదు, అత్యవసరమైనదే దాచుతుంది. మిగతా బొమ్మలు పోతాయి, లేచాక వాటి స్థానంలో గళ్లు కనిపిస్తాయి. మెమరీ కేటాయింపులను భద్రపరచమని చెప్పే ఆప్షన్ డ్రైవర్‌లోనే ఉంది. దాన్ని 1 చేసి, ఎన్విడియా సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. దాచిన మెమరీ రాయడానికి డిస్కులో ఖాళీ ఉండాలి, అది మరవద్దు.

పాత ల్యాప్‌టాప్

వాదన మీరు చేసుకోండి. తెర ఇరుక్కుపోయినవాళ్లకు అర్జెంటుగా పనికొచ్చేది ఒకటి చెబుతాను. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కితే నల్ల కన్సోల్ వస్తుంది. తిరిగి కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 నొక్కండి (కొన్ని సిస్టమ్‌లలో ఎఫ్1). వేలాండ్‌లోనూ పనిచేస్తుంది. ఏదీ మూసుకుపోదు.

తూర్పుగాలి

పాత ల్యాప్‌టాప్ గారూ, ధన్యవాదాలు. అది నేను వాడుతున్నదే. కానీ అది అన్ని జబ్బులకూ మందు కాదు.

కన్సోల్‌కి వెళ్లినప్పుడు కంపోజిటర్ తెర మీద హక్కు వదులుకుంటుంది. తిరిగి వచ్చినప్పుడు మానిటర్ మోడ్‌ను మళ్లీ సెట్ చేసి, ఫ్రేమ్ మొత్తం కొత్తగా గీస్తుంది. తెర నల్లగా ఉండిపోవడం, పాత ఫ్రేమ్ దగ్గరే ఆగిపోవడం, రెండో మానిటర్‌కి సిగ్నల్ అందకపోవడం వంటివి దీనితో చాలావరకు సర్దుకుంటాయి. కానీ వీడియో మెమరీలో బొమ్మే చెడిపోయి ఉంటే? ఎన్నిసార్లు గీసినా ఆ చెడిపోయిన బొమ్మనే గీస్తుంది. నా గళ్లు అలాగే ఉండిపోతాయి. షెల్ రీస్టార్ట్ అయితే బొమ్మలన్నిటినీ డిస్కు నుంచి మళ్లీ చదువుకునేది. పోయినది అదే.

మూలకణం గారూ, మీరు చెప్పిన ఆప్షన్ పెట్టి చూస్తాను, అందులో వాదన లేదు. నాకు అభ్యంతరం మీ రెండో మాట మీద. రీస్టార్ట్ బగ్గులను కప్పిపెడుతుంది కాబట్టి అది లేకపోవడమే మేలన్నట్టు రాశారు. బగ్ సరిచేయడానికి నెలలు పడుతుంది. ఈ సాయంత్రం పని అప్పజెప్పాల్సినవాడు ఆ నెలలు ఆగలేడు. బైపాస్ రోడ్డు ఉందని ఊళ్లో రోడ్డు బాగుచేయడం ఎవరూ మానరు కదా.

నిర్మాణం గురించి కూడా ఒక మాట. ఎక్స్ సర్వర్ పడిపోతే అక్కడా అన్నీ పోయేవి, నిజమే. కానీ ఎక్స్‌టెన్షన్లు (షెల్‌కి బయటివాళ్లు రాసే చేర్పులు), యానిమేషన్లు, జావాస్క్రిప్ట్ వంటి తరచూ చెడే సరుకంతా వేరే ప్రాసెస్‌లో ఉండేది. గ్నోమ్ వేలాండ్‌లో ఎక్స్‌టెన్షన్ నడిచేదీ, నా అప్లికేషన్లన్నిటి కనెక్షన్లు పట్టుకున్నదీ ఒకే ప్రాసెస్. ఎవరో సరదాకి రాసిన వాతావరణ ఎక్స్‌టెన్షన్ బిగుసుకుపోతే నా మొత్తం పని ప్రమాదంలో పడుతుంది. వేలాండ్ ప్రోటోకాల్ అలా పెట్టమనలేదు. అది గ్నోమ్ ఎంచుకున్న పద్ధతి.

రాత్రి షిఫ్ట్

తూర్పుగాలి గారి చివరి పేరా దగ్గరే అసలు విషయం ఉంది. వేలాండ్ అయితే రీస్టార్ట్ అసాధ్యం అనడం సరికాదు. గ్నోమ్ లాగే ఇంకో డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ దాన్ని చేసి చూపించింది.

నేను హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వేళల్లో పనిచేస్తాను, రాత్రంతా రెండు మానిటర్ల మీద విండోలు తెరిచే ఉంటాయి. కేడీఈ డెస్క్‌టాప్ ప్లాస్మాలో ప్యానెల్, వాల్‌పేపర్ చూసుకునేది ప్లాస్మాషెల్, కంపోజిటర్ కేవిన్. రెండూ వేర్వేరు ప్రాసెస్‌లు. ప్యానెల్ చెదిరితే ప్లాస్మాషెల్‌ని మాత్రమే రీప్లేస్ ఆప్షన్‌తో మళ్లీ లేపుతాను. వేలాండ్‌లో కూడా విండోలు కదలవు.

కేవిన్ పడిపోతే? దాని పైన చిన్న ర్యాపర్ ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. కనెక్షన్లు తీసుకునే సాకెట్‌ని అది పట్టుకుని ఉంటుంది, కేవిన్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన ప్లాస్మా 6 నుంచి క్యూటీ 6 అనే టూల్‌కిట్ (విండోలు, బటన్లు గీసిపెట్టే కోడ్)తో రాసిన అప్లికేషన్లు కొత్త కేవిన్‌కి తిరిగి కనెక్ట్ అయి, విండో మళ్లీ గీసుకుంటాయి. ఒక్క క్షణం తెర నల్లబడుతుంది, తర్వాత ఫైల్ మేనేజర్, ఎడిటర్ రెండూ తిరిగి కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

విండోస్‌లో విండోస్ కీ+కంట్రోల్+షిఫ్ట్+బి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్లు పలకకపోతే విండోస్ తనంతట తానే దాన్ని రీసెట్ చేస్తుంది, విస్టా నాటి నుంచీ ఆ ఏర్పాటు ఉంది. మామూలు వినియోగదారుడు లినక్స్ నుంచి అంతకన్నా తక్కువ ఎందుకు ఆశించాలి?

మూలకణం

కేడీఈ పని గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ దాని హద్దు కూడా చెప్పండి. తిరిగి కనెక్ట్ అయ్యే తెలివి అప్లికేషన్ వాడే టూల్‌కిట్‌లో ఉండాలి. అది లేనివి కేవిన్‌తోపాటే మూసుకుపోతాయి. సేవ్ చేయని పని వాటిలోనే ఉంటే మీ ధైర్యం అక్కరకు రాదు. కాబట్టి కంపోజిటర్‌ని చేతులారా రీస్టార్ట్ చేసే మీట మామూలు జనానికి ఇవ్వడం నాకు ఇప్పటికీ భయమే.

ఇంకోటి. తెర చెడగానే రిఫ్రెష్ చేసేస్తే కారణం దొరకదు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3తో కన్సోల్‌కి వెళ్లినప్పుడు అర నిమిషం ఆగి, సిస్టమ్ లాగు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో కెర్నెల్ సందేశాలు చూడండి. ఏఎండీ కార్డైతే 'రింగ్ టైమౌట్', ఇంటెల్ అయితే 'జీపీయూ హ్యాంగ్' అనే మాటలు వెతకండి. అవి కనిపిస్తే షెల్‌ని తిట్టి లాభం లేదు, తప్పు కింద డ్రైవర్‌లో ఉంది.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ నమోదు కాకుండా, తెర మాత్రం పాత బొమ్మ దగ్గర ఆగిపోతుంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ని అనుమానించాలి. బ్యాటరీ ఆదా కోసం, బొమ్మ మారనప్పుడు తెర తన సొంత మెమరీలోంచే దాన్ని చూపిస్తూ ఉంటుంది. కొత్త బొమ్మ వచ్చినప్పుడు సరిగ్గా మేల్కొనకపోతే పాతదే కనిపిస్తుంది. బూట్ సమయంలో ఇంటెల్ గ్రాఫిక్స్‌ని నడిపే ఐ915 డ్రైవర్‌కి ఆ ఫీచర్ విలువ 0 అని ఇచ్చి చూస్తే తేలిపోతుంది. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

ల్యాబ్ టీచర్

నమస్కారమండీ. మా బడి కంప్యూటర్ ల్యాబ్ నేను చూసుకుంటాను. డెబియన్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, ఇంకా ఎక్స్11 మీదే ఉన్నాం. మా దగ్గర సమస్య ప్రొజెక్టర్. కేబుల్ కదిలినా, కరెంటు పోయి వచ్చినా ప్రొజెక్టర్‌కి బొమ్మ వెళ్లదు, నా మానిటర్ మాత్రం బాగానే ఉంటుంది. ఎదురుగా తరగతి నిండా పిల్లలు. ఆ టెన్షన్‌లో లాగౌట్ చేసి మళ్లీ అన్నీ తెరవడం కుదిరే పని కాదు.

ప్యానెల్ మీద 'తెర సరిచేయి' అని ఒక బటన్ పెట్టుకున్నాను. వెనక ఉన్నది చిన్న స్క్రిప్ట్: ఎక్స్‌రాండర్ కమాండ్‌తో ప్రొజెక్టర్ అవుట్‌పుట్‌ని ఆఫ్ చేస్తుంది, రెండు సెకన్లు ఆగుతుంది, ఆటో అని మళ్లీ ఆన్ చేస్తుంది. ఈ మూడూ ఒకే స్క్రిప్ట్‌లో ఉండటం ముఖ్యం. విడివిడిగా టైప్ చేస్తే, ఉన్నది ఒకే తెర అయినప్పుడు మొదటి కమాండ్‌తోనే అది ఆరిపోతుంది, రెండోది గుడ్డిగా కొట్టాలి. విండోల చుట్టూ అంచులు చెదిరితే విండో మేనేజర్ ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4ని రీప్లేస్ ఆప్షన్‌తో నడుపుతాను.

ఎక్స్‌రీఫ్రెష్ అనే పాత కమాండ్ కూడా ఎవరో చెబితే ప్రయత్నించాను. తెర మొత్తం మీద ఒక విండో కప్పి వెంటనే తీసేస్తుంది, కింద ఉన్నవి మళ్లీ గీసుకుంటాయని ఆశ. కంపోజిటర్ ఆన్‌లో ఉంటే ప్రతి విండో బొమ్మా విడిగా దాచి ఉంటుంది కాబట్టి అప్లికేషన్లకు మళ్లీ గీయమన్న కబురే వెళ్లదు. ఇప్పుడు దానివల్ల పెద్ద ఉపయోగం లేదు.

మూలకణం గారూ, మీరు చెప్పే లాగులు పిల్లలు చదవలేరు, నా తోటి టీచర్లూ చదవలేరు. వాళ్లకు కావలసింది ఒక్క మీట. విండోస్‌లో పెరిగిన మా పిల్లలు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటారు. దానివల్ల ఐకాన్లు తప్ప ఏమీ మారదని చెప్పినా మానరు. నిజంగా పనిచేసే మీట ఒకటి వాళ్ల చేతికి ఇవ్వడం మన బాధ్యత కాదా?

మూలకణం

టీచర్ గారూ, మీ బటన్‌కి నేను వ్యతిరేకిని కాను. అది అవుట్‌పుట్‌ని ఆపి లేపుతుంది, అప్లికేషన్ల కనెక్షన్లను ముట్టుకోదు. వేలాండ్‌లోనూ అలాంటిది ఉండాలనే నా కోరిక కూడా. స్వే అనే కంపోజిటర్ వాడేవాళ్లు స్వేమెసేజ్ కమాండ్‌తో అవుట్‌పుట్ పవర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయగలరు. గ్నోమ్ సెట్టింగ్స్‌లో 'ఈ మానిటర్‌ని మళ్లీ మొదలుపెట్టు' అని ఒక మీట పెడితే నష్టం ఎవరికీ లేదు. నేను వద్దనేది కంపోజిటర్‌ని చంపి లేపే మీటని.

తూర్పుగాలి

మూలకణం గారూ, మీరు చెప్పిన ఎన్విడియా ఆప్షన్ పెట్టాను. స్లీప్ నుంచి లేచాక గళ్లు రావడం లేదు. దానికి కృతజ్ఞతలు.

అయినా నా మాట మీదే ఉన్నాను. మానిటర్‌ని మళ్లీ మొదలుపెట్టే మీట సగం పరిష్కారం. రేపు ఇంకో డ్రైవర్‌లో, ఇంకో ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో లోపం వస్తుంది. అప్పుడు కంపోజిటర్ తిరిగి లేవాలి, అప్లికేషన్లు బతికి ఉండాలి. మూసుకుపోయే అప్లికేషన్లు ఉన్నాయంటే ఆ టూల్‌కిట్లకు తిరిగి కనెక్ట్ అవడం నేర్పాలి గానీ ప్రయత్నమే మానుకోకూడదు. క్యూటీ 6 చేయగలిగినది మిగతావాళ్లు చేయలేరని నేను నమ్మను.

రెండరింగ్ నడిపే మెషిన్‌ని ప్లాస్మా 6కి మారుస్తున్నాను. రాత్రి షిఫ్ట్ గారూ, ఎన్విడియా కార్డుతో కేవిన్ పడి లేచినప్పుడు మీ రెండో మానిటర్ కూడా తిరిగి వస్తోందా? మార్చేముందు అది తెలుసుకోవాలి.

రాత్రి షిఫ్ట్

నాది ఏఎండీ కార్డు అండీ, అందులో రెండూ వస్తున్నాయి. ఎన్విడియా వాడేవాళ్లు ఎవరైనా ఇక్కడ చూస్తుంటే తమ డ్రైవర్ వెర్షన్‌తో సహా చెప్పండి.