అప్‌డేట్: వేడెక్కితే ఆగిపోయే పాత కారు, కారణం దొరికింది

చెక్ ఇంజిన్ లైటు వెలిగి, వేడెక్కగానే సిగ్నళ్ల దగ్గర ఆగిపోయి, చల్లారాక మామూలుగా స్టార్టయ్యే మా 2008 మోడల్ పెట్రోల్ కారు గురించి అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన ఎర్రర్ కోడ్ చదివించమన్న సలహానే పనిచేసింది. పీ0335 వచ్చింది, అంటే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ (ఇంజిన్ ఎలా తిరుగుతోందో కారు కంప్యూటర్‌కి చెప్పేది) సర్క్యూట్‌లో లోపం. మెకానిక్ వెంటనే సెన్సర్ మార్చేయకుండా వైరింగ్, కనెక్టర్ చూశాడు, అవి బాగానే ఉన్నాయి. ఇంజిన్ వేడి మీద మల్టీమీటర్ పెడితే సెన్సర్ కాయిల్ ఓపెన్ (లోపలి తీగ తెగినట్టు) చూపించింది, చల్లారితే రీడింగ్ మళ్లీ వచ్చింది! ఆ సిగ్నల్ పోతే మా కారులో స్పార్క్ ఆగిపోతుందట. సెన్సర్ మార్చాక మండుటెండలో ట్రాఫిక్‌లో తిప్పినా ఆగలేదు.

మా కారు ఆగిపోవడానికి ఫ్యూయల్ పంపు, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) కారణం కాదు. ఇదే సమస్య ఉన్నవాళ్లు, బండి ఆగిన వెంటనే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. మాది అస్సలు కదల్లేదు, అలా కదలకపోతే ఈ సెన్సర్‌ని అనుమానించొచ్చు.