కేథరిన్ పార్‌ను ఏమనాలి: సవతి తల్లా, మారుతల్లా, పిన్నా?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారమండీ. ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆరో భార్య కేథరిన్ పార్ గురించి హైస్కూలు పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. 1543 జూలై 12న హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ఆమె పెళ్లి జరిగేనాటికి రాజుకు ముగ్గురు పిల్లలున్నారు. మేరీకి 27 ఏళ్లు, ఎలిజబెత్‌కి తొమ్మిది, ఎడ్వర్డ్‌కి ఐదు. ముగ్గురివీ మూడు కడుపులు. ఆ తల్లులు ముగ్గురూ అప్పటికే లేరు. కేథరిన్ మేరీ కంటే మూడు నాలుగేళ్లే పెద్ద.

"కేథరిన్ ఆ పిల్లలకు సవతి తల్లి" అని రాశాను. రాసి చదువుకుంటే నాకే గుచ్చుకుంది. ఆ మాట వినగానే మనకు కైక గుర్తొస్తుంది, ధ్రువుణ్ణి తండ్రి ఒడిలోంచి దింపిన సురుచి గుర్తొస్తుంది, సారంగధరుడి కథలో చిత్రాంగి గుర్తొస్తుంది. పేపర్లో "ఈ జిల్లాపై సవతి తల్లి ప్రేమ" అని హెడ్డింగు పెడితే నిధులివ్వలేదని అర్థం. ఆ మాట చదివిన పిల్లలు కేథరిన్ గురించి ఏమనుకుంటారు?

ఆమె కథేమో వేరు. ఎలిజబెత్ పదకొండేళ్ల వయసులో, 1545 కొత్త సంవత్సరం కానుకగా, ఒక ఫ్రెంచి భక్తి కావ్యాన్ని ఇంగ్లిష్ వచనంలోకి మార్చి ఆమెకు ఇచ్చింది. అట్ట మీద కేథరిన్ పేరులోని అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఆ పుస్తకం ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దాని మొదట్లో తనను తాను ఆమె "వినయంగల కూతురు" అని చెప్పుకుంది. ఎడ్వర్డ్ లాటిన్‌లో రాసిన ఉత్తరాల్లో ఆమెను అమ్మా అనే సంబోధించాడు. పిల్లలు అమ్మ అంటుంటే నేను సవతి తల్లి అని రాయడం న్యాయమేనా? దయచేసి చెప్పండి.

జవాబు

మారుతల్లి అని రాయండి. మా తాతగారి నోట ఎప్పుడూ ఈ మాటే విన్నాను. తప్పు పట్టే వాసన లేదు.

జవాబు

మారుతల్లి నాకూ ఇష్టమే, కానీ ఒక చిక్కు ఉందండీ. మారుపేరు, మారువేషం అన్నప్పుడు ఆ "మారు"లో అసలుది కానిది అన్న ఛాయ వస్తుంది. దొంగ తల్లి అన్నట్టు పిల్లలకు వినిపిస్తుందేమో.

జవాబు

ఆ భయం అక్కర్లేదు. మారు అంటే మరొకటి, మళ్లీ ఇంకోసారి అని కూడా అర్థం ఉంది. మారుమనువు అంటే రెండో పెళ్లి, దొంగ పెళ్లి కాదు. భోజనాల దగ్గర "మారు వడ్డించమంటారా?" అని అడుగుతాం. రెండోసారి పెట్టిన అన్నం అసలు అన్నం కాకుండా పోతుందా? మారుతల్లి అంటే ఒక తల్లి పోయాక వచ్చిన ఇంకో తల్లి.

జవాబు

రిటైరైన తెలుగు టీచర్ని, కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

సవతి అన్నది సంస్కృతంలోని సపత్నీ నుంచి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది. ఒకే భర్త ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు సవతులు. అంటే ఆ మాట పుట్టింది ఆ ఇద్దరి మధ్య, పిల్లల దగ్గర కాదు. సవతి తల్లి అంటే "మా అమ్మకు సవతి అయిన తల్లి" అని. దశరథుడి ఇంట్లో ఇది అక్షరాలా సరిపోతుంది, కౌసల్య బతికే ఉంది కాబట్టి. సురుచి విషయంలోనూ అంతే, ధ్రువుడి తల్లి సునీతి ఉంది. పోరంతా అక్కడి నుంచే వచ్చింది.

మరి కేథరిన్ సంగతి? మేరీ తల్లి, ఆరగాన్ కేథరిన్, 1536 జనవరిలో పోయింది. ఎలిజబెత్ తల్లి ఆన్ బొలీన్‌కి అదే ఏడాది మే నెలలో మరణశిక్ష వేశారు. ఎడ్వర్డ్ తల్లి జేన్ సీమోర్ 1537లో, కాన్పు అయిన కొద్ది రోజులకే పోయింది. 1543లో ఆ ఇంట్లో సవతి అనదగ్గ మనిషే లేదు. హెన్రీ నాలుగో భార్య, క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్, బతికే ఉంది. కానీ 1540లో ఆ పెళ్లి చెల్లదని తేల్చి, ఆమెకు "రాజుగారి సోదరి" హోదా ఇచ్చారు. మన వరసల్లో చెప్పాలంటే ఆమె కేథరిన్‌కు సవతి కాదు, ఆడపడుచు! కాబట్టి మారుతల్లే సరైన మాట. మనసు నొచ్చుతుందని మాత్రమే కాదమ్మా, అర్థం ప్రకారం కూడా.

మొదట అడిగినామె

మాస్టారూ, ధన్యవాదాలు. ఆడపడుచు మాట నాకు తట్టనే లేదు.

నాకు జరిగిన ఒక పొరపాటు చెప్తాను, అనువాదం చేసేవాళ్లకు పనికొస్తుంది. ఆ కాలపు కాగితాల్లో ఒకచోట "మదర్ ఇన్ లా" అని ఉంటే అత్తగారు అని రాసేశాను. తర్వాత వరస కుదరక జుట్టు పీక్కున్నాను. అసలు సంగతేమిటంటే పదహారో శతాబ్దపు ఇంగ్లిష్‌లో ఆ మాటకు తండ్రి రెండో భార్య అన్న అర్థం కూడా ఉంది. చట్టం ప్రకారం తల్లి అన్నమాట. ఇక "స్టెప్ మదర్"లో స్టెప్ అంటే మెట్టు అనుకునేదాన్ని. కాదట. పాత ఇంగ్లిష్‌లో ఆ ముక్కకు అయినవాళ్లను పోగొట్టుకోవడం అన్న అర్థంతో చుట్టరికం ఉంది. అప్పట్లో స్టెప్ చైల్డ్ అంటే అనాథ బిడ్డ. అంటే ఇంగ్లిష్ మాట బిడ్డ దుఃఖం నుంచి పుట్టింది, మన సవతి తల్లి ఆడవాళ్ల పోరు నుంచి పుట్టింది. ఇది తెలిశాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

జవాబు

అక్కా, పిన్ని అన్న మాట ఎవరూ అనలేదేం? మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆమెను ఇంట్లో పిన్ని అనమన్నారు, ఇప్పటికీ పిన్నే. నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది ఆమే. బడిలో ఎవరో "మీ సవతి తల్లి" అన్నప్పుడు వాడితో కలబడ్డాను. చాలా ఇళ్లలో పోయినావిడ చెల్లెల్నే చేసుకునేవారు కాబట్టి ఆ పిలుపు అలా నిలిచి ఉంటుందనుకుంటాను. మారుతల్లి పుస్తకంలో బాగుంటుంది, కానీ నోటితో ఎవరం పిలవం.

మొదట అడిగినామె

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నువ్వన్నది నిజం. మారుతల్లి, సవతి తల్లి వరస చెప్పే మాటలు, పిన్ని పిలిచే మాట. కానీ ఎడ్వర్డ్ చేత పిన్నీ అనిపిస్తే ఇంగ్లండు మన పెరట్లోకి వచ్చేసినట్టు ఉంటుంది. పైగా అతను అమ్మా అని రాశాడు. పిలుపు దగ్గర అమ్మ అనే ఉంచుతాను, వరస దగ్గర మారుతల్లి.

నీ మాట చదివాక ఇంకొకటి గుర్తొచ్చింది. రాజును చేసుకోకముందే కేథరిన్ ఒకసారి మారుతల్లి అయింది. ఆమె రెండో భర్త లాటిమర్ ప్రభువుకు జాన్, మార్గరెట్ అని ఇద్దరు పిల్లలు. 1537 జనవరిలో, ఉత్తరాది తిరుగుబాటు రోజుల్లో, తిరుగుబాటుదారులు యార్క్‌షైర్‌లోని స్నేప్ కోటలో ఈమెనూ ఆ పిల్లల్నీ బందీలుగా పెట్టారు. భర్త ఊళ్లో లేడు. తర్వాత ఆమె రాణి అయినప్పుడు మార్గరెట్ కూడా కొలువులో ఆమె దగ్గరే ఉంది, చిన్న వయసులోనే 1546లో చనిపోయింది. ఆ పిల్ల తన వీలునామాలో, రాణి తనను పెంచిన తీరుకూ చూపిన ప్రేమకూ ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదని రాయించింది. చనిపోతూ ఒక అమ్మాయి రాయించిన మాట అది. నాకు కేథరిన్ మీద ఇంత అభిమానం కలిగింది అక్కడే.

మేరీ విషయమూ చెప్పాలి. మతం దగ్గర ఇద్దరి దారులూ తర్వాత వేరయ్యాయి. అయినా ఆ కాలపు పండితుడు ఎరాస్మస్ రాసిన యోహాను సువార్త వివరణను ఇంగ్లిష్ చేయమని మేరీని ప్రోత్సహించింది కేథరినే. పని మధ్యలో మేరీకి జబ్బు చేస్తే ఇంకొకరు పూర్తి చేశారు. పేరు వేసుకోవడానికి సంకోచించకు అని కేథరిన్ ఆమెకు ఉత్తరం రాసింది. తను 1545లో ప్రార్థనల పుస్తకం సొంత పేరుతోనే అచ్చు వేయించింది. ఇంగ్లండు రాణుల్లో అలా చేసిన మొదటి మనిషి ఆమే.

జవాబు

అంతా బాగానే ఉంది కానీ, 1548లో ఎలిజబెత్‌ని ఇంట్లోంచి పంపేసింది కదండీ? అదీ రాస్తారా?

మొదట అడిగినామె

రాస్తానండీ. దేవతని చేయాలని నాకు లేదు. 1547 జనవరి 28న హెన్రీ పోయాడు. కొద్ది నెలల్లోనే కేథరిన్ రహస్యంగా థామస్ సీమోర్‌ను చేసుకుంది. ఎలిజబెత్ చెల్సీలో వాళ్ల ఇంట్లోనే ఉండేది. ఆ పిల్లకు పదమూడు, పధ్నాలుగేళ్లు. పొద్దున్నే, కొన్నిసార్లు ఆమె లేవకముందే, అతను ఆమె గదిలోకి వెళ్లేవాడని తర్వాత విచారణలో ఆమె మనుషులే చెప్పారు. అది ముమ్మాటికీ అతని తప్పు. కేథరిన్ మొదట్లో దాన్ని ఆట కింద తీసుకుంది, సమయానికి అడ్డుకోలేదు. చివరికి దూరంగా వెళ్లాల్సి వచ్చింది పిల్లే. ఇది నాకు బాధగా ఉంది, అలాగే రాస్తాను. కానీ ఎలిజబెత్ వెళ్లాక రాసిన ఉత్తరంలో, మీ ఆరోగ్యం బాగా లేనప్పుడు వదిలి రావలసి వచ్చిందని దుఃఖపడింది. అందుకే ఇక్కడ కూడా సవతి తల్లి అన్న మాట వాడను. ఆ మాట పెడితే చదివేవాళ్లు తీర్పు ముందే చెప్పేసుకుంటారు, ఏం జరిగిందో చూడరు.

జవాబు

ఒక సందేహం. థామస్ సీమోర్ అంటే జేన్ సీమోర్‌కు అన్నదమ్ముడే కదా? అంటే ఎడ్వర్డ్‌కి మేనమామ. కేథరిన్ మేనమామ భార్య అయిందంటే ఇక ఎడ్వర్డ్‌కి అత్తయ్య అవ్వాలి!

జవాబు

అవునండోయ్. మీరు "మదర్ ఇన్ లా"ని పొరపాటున అత్తగారు అని రాస్తే, చివరికి ఆమె నిజంగానే అత్త అయి కూర్చుంది.

మొదట అడిగినామె

ఇది నేనసలు చూడలేదు! ఇంగ్లిష్‌లో అంకుల్ అని ఒకే మాట ఉండటంతో వాళ్లకు ఈ మెలిక కనిపించదు. మనకు బాబాయి వేరు, మామయ్య వేరు కాబట్టి వెంటనే పట్టుకున్నారు.

మెలిక ఇంకా ఉంది. 1548 ఆగస్టు 30న సూడ్లీ కోటలో కేథరిన్‌కు ఆడపిల్ల పుట్టింది. మేరీ అని పేరు పెట్టారు. సెప్టెంబర్ 5న తల్లి పోయింది. అంత్యక్రియల్లో దుఃఖించేవాళ్లలో ముఖ్యురాలిగా నడిచింది వాళ్ల ఇంట్లో ఉండే చిన్న పిల్ల జేన్ గ్రే. ఆర్నెల్లు తిరిగాక 1549 మార్చిలో తండ్రికి రాజద్రోహం కింద తల తీశారు. పసిబిడ్డను కేథరిన్ స్నేహితురాలు, సఫోక్ డచెస్, ఇంటికి చేర్చారు. 1550 తర్వాత ఆ పిల్ల ఊసు ఏ కాగితంలోనూ లేదు.

మారుతల్లి కూతురు కాబట్టి ఆ బిడ్డ ఎడ్వర్డ్‌కి చెల్లెలా, మేనమామ కూతురు కాబట్టి మరదలా?

జవాబు

వరస తండ్రి వైపు నుంచి లెక్కేయాలి. మరదలే.

జవాబు

కాదండీ. అమ్మా అని పిలిచాక ఆమె బిడ్డ చెల్లెలే.

మొదట అడిగినామె

వ్యాసంలో ఆ చోట "కేథరిన్ కూతురు" అని మాత్రం రాశానండీ. మాస్టారూ, మీరేమంటారు?