20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 8,200 దగ్గరే ఆగిపోతోంది

కొని 3 వారాలైంది. డబ్బా మీద 20,000 అని బొద్దు అక్షరాలు. వెనకాల భూతద్దానికి గానీ అందని సైజులో ‘రేటెడ్ కెపాసిటీ 12,000, 5 వోల్టులు’. 20,000 అన్నది లోపలి 3.7 వోల్టుల సెల్స్ లెక్క, బయటికి వచ్చేది 5 వోల్టులు కాబట్టి 20,000 రాదని తెలుసు, ఆ 12,000 అయినా రావాలి కదా!

యూఎస్‌బీ మీటర్ (పోర్టులోంచి ఎన్ని ఎంఏహెచ్ బయటికొచ్చిందో చూపే చిన్న పరికరం) తగిలించి, 5 వోల్టులు, 1 ఆంపియర్ లోడ్ మీద మూడుసార్లు కొలిచాను: 8,200, 8,150, 8,230. మొదటిసారి సరిగ్గా 8 గంటల 12 నిమిషాలకు ఆరిపోయింది. ప్రతిసారీ రాత్రంతా ఛార్జ్ చేసి, నాలుగు లైట్లూ నిలకడగా వెలిగాకే మొదలుపెట్టాను. కేబుల్ మార్చినా, రెండో పోర్టులో పెట్టినా అంతే. పెద్దగా వేడెక్కడం కూడా లేదు. అమ్మినవాళ్లేమో ‘మీ మీటరే తప్పు’ అంటున్నారు.

తప్పు మీటర్‌దా, లోపల సెల్సే తక్కువ పెట్టారా అన్నది పవర్ బ్యాంక్ విప్పకుండా తేల్చాలంటే ఏ టెస్ట్ చేయాలి?