మద్రాసు ట్రాము మోడల్ కిట్ ఎక్కడైనా దొరుకుతుందా?

టీనగర్_మనవడు:
అందరికీ నమస్కారం. ఉండేది టీనగర్, సొంతూరు నెల్లూరు దగ్గర. రెండు విమానం కిట్లు అతికించడం తప్ప మోడలింగ్‌లో నాకు అనుభవం లేదు. ఇప్పుడు కావలసింది పాత మద్రాసు ట్రాము.

మా తాతయ్య 1940ల్లో ఇక్కడ ఒక ప్రెస్సులో కంపోజిటర్. మౌంటు రోడ్డు నుంచి ప్యారిస్ కార్నర్‌కి రోజూ ట్రాములోనే. "ట్రాములు ఆగిపోయిందీ, మద్రాసు మనది కాకుండా పోయిందీ ఒకే ఏడాదిరా" అనేవాడు. నిజమే, 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగాయి, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆయన పోయాక పెట్టెలో ఒక ఫోటో దొరికింది. ఒక కాలు ట్రాము మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద, చేతిలో టిఫిన్ క్యారియర్. వెనక ట్రాము సగమే పడింది.

నాన్నకి ఈ ఏడు 75 నిండుతాయి. ఆ రోజుకి ఈ బండి చేసి ఇద్దామని నా ఆశ. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా లిస్బన్, శాన్‌ఫ్రాన్సిస్కో తప్ప కనిపించవు. తెగించి ఒక విదేశీ అమ్మకందారు దగ్గర నాలుగు చక్రాల పాత ట్రాము రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్) కిట్ తెప్పించాను. స్కేలు 1:35, అంటే అసలు బండిలో 35వ వంతు. పెట్టె విప్పితే కప్పు అరటి దొప్పలా వంగి ఉంది. "ఇందులో ఏం వడ్డిస్తారు?" అంది మా ఆవిడ. డబ్బు వెనక్కి రాదట.

అసలు మద్రాసు ట్రాము కిట్ అంటూ ఉందా? లేకపోతే ఈ దొప్పతోనే ఏమైనా చేయొచ్చా?

పెరంబూర్_బాబాయ్:
బాబూ, పెట్టె మీద మద్రాసు అని రాసున్న కిట్ ముప్పై ఏళ్ళలో నా కంట పడలేదు. దాని కోసం కాచుకు కూర్చోకు. పోలిక ఉన్న బండి తీసుకుని మార్చుకోవడమే.

అయితే ముందు ఏ కాలం ట్రామో తేల్చుకోవాలి. చాలామంది బోల్తా పడేది అక్కడే. 1895 మే 7న ఇక్కడ ట్రాము మొదలైనప్పుడు పైన తీగే లేదు. దేశంలో మొదటి కరెంటు ట్రాము మనదే, ఆ కరెంటేమో రోడ్డు కింద కాలువలోంచి వచ్చేది. పట్టాల వెంట సన్నటి చీలిక, అందులోకి బండి అడుగు నుంచి నాలుకలాంటిది దిగి కరెంటు అందుకునేది. కార్తీకమాసం వానల్లో మన రోడ్లు ఎలా ఉంటాయో నీకు చెప్పాలా? ఆ పద్ధతి నిలవలేదు. తర్వాత కప్పు మీద కర్రా, పైన తీగా వచ్చాయి. ఆ కర్ర కొసన తీగను ఆనుకుని దొర్లే చక్రమే ట్రాలీ. అమెరికా వాళ్ళు చివరికి బండినే ట్రాలీ అనేశారు. మీ తాతగారిది 1940లు కాబట్టి కర్ర ఉండి తీరాలి.

నువ్వు చూసిన శాన్‌ఫ్రాన్సిస్కో బండికి కర్ర ఉండదు. అది రోడ్డు కింద పరిగెత్తే ఉక్కు తాడును పట్టుకుని పోయే బండి, దాన్ని మార్చి మద్రాసు చేయలేవు. ఆక్రే అనే స్పెయిన్ కంపెనీ చెక్క కిట్లు బాగుంటాయి కానీ 1:24 స్కేలు. 8 మీటర్ల బండి అడుగు దాటుతుంది, షోకేసులో పట్టదు. అదే బండి 1:87లో 9 సెంటీమీటర్లు. బాక్‌మన్ వాళ్ళ బ్రిల్ ట్రాము ఆ సైజే, తయారుగా దొరుకుతుంది, పట్టాల మీద నడుస్తుంది కూడా. కానీ అందులో తాతగారు రెండు సెంటీమీటర్లే ఉంటారు. నీ 1:35 మధ్యస్తం, 23 సెంటీమీటర్లు వస్తుంది. ఉక్రెయిన్ మినీఆర్ట్ వాళ్ళ ప్లాస్టిక్ ట్రాములు కూడా అదే స్కేలు. యుద్ధం బొమ్మలు చేసేవాళ్ళ స్కేలు కాబట్టి మనుషులు బోలెడు దొరుకుతారు. సైనికుడికి పంచె కట్టడం నీ పని.

చింతాద్రిపేట_లక్ష్మి:
ఆర్కిటెక్టులకి మోడళ్ళు చేయడం నా వృత్తి. కప్పు పారేయకండి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో (మరిగేవి వద్దు) రెండు నిమిషాలు ముంచండి, మెత్తబడుతుంది. స్టీలు స్కేలు ఆనించి పొడవునా తిన్నగా పట్టుకుని, అలాగే చన్నీళ్ళలో దింపండి. ఒకసారికి రాకపోతే మళ్ళీ చేయండి.

పక్క పలకలకి పాత శుభలేఖల అట్ట బ్రహ్మాండంగా పనికొస్తుంది. మా ఇంట్లో ఒక బీరువా అర నిండా దాచాను, అందరూ నవ్వుతారు. కిటికీల దగ్గర మాత్రం ఫెవిక్విక్ వద్దు, ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. వాన పడే రోజు స్ప్రే పెయింటు జోలికి పోకండి, మన తేమకి రంగు పాలిపోతుంది.

కొలతలు ఎక్కడ తీసుకుంటున్నారు? కిట్ కొలతలు యూరప్ బండివి కదా. ఫోటోలో సైజు తెలిసిన వస్తువు ఒకటి, బండితో సమానమైన దూరంలో ఉంటే చాలు, మిగతావన్నీ లెక్కేయొచ్చు.

టీనగర్_మనవడు:
లక్ష్మిగారూ, మూడో ముంపుకి కప్పు తిన్నగా వచ్చింది! మా ఆవిడ కుక్కర్ గిన్నె వాడాను, ఆ గొడవ వేరే.

మీరు సైజు తెలిసిన వస్తువు అనగానే అటక ఎక్కాను. తాతయ్య క్యారియర్ అక్కడే ఉంది, ఇత్తడిది, నాలుగు గిన్నెలు, అడుగున ఆయన పేరు చెక్కించి ఉంది. పిడితో సహా 28 సెంటీమీటర్లు. ఫోటోలో ఆయన మెట్టు మీదే ఉన్నాడు కాబట్టి క్యారియరూ బండీ ఇంచుమించు ఒకే దూరం. బండి కిటికీల మధ్య ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మూడు క్యారియర్లకి కాస్త తక్కువ, అంటే దాదాపు 80 సెంటీమీటర్లు. కిట్‌లో కిటికీలు అంతకన్నా వెడల్పు, అవి కోసి మళ్ళీ కట్టాలి.

బాబాయ్‌గారూ, కర్రకి సైకిల్ స్పోకు తెచ్చాను. బాగా లావుగా ఉందేమో, సన్నది ఏమైనా ఉంటే చెప్పండి.

పెరంబూర్_బాబాయ్:
స్పోకు వద్దు, వీణ తీగ చూడు. మైలాపూర్‌లో వాద్యాల కొట్లలో ముక్క అడిగినా ఇస్తారు.

టీనగర్_మనవడు:
రేపు వెళ్తాను. 1:35లో క్యారియర్ సరిగ్గా 8 మిల్లీమీటర్లు వస్తోంది. ట్రాము సంగతి తర్వాత, ముందు దాన్ని చేస్తున్నాను. రెండు గిన్నెలు అయ్యాయి.