మకరోనీ బొమ్మల్లో వెక్కిరింత అసలు ఎవరి మీద?

తెరచాటు:
1770ల్లో లండన్‌లో అచ్చయిన ఫ్యాషన్ వ్యంగ్య చిత్రాలు వరసపెట్టి చూస్తున్నాను. ఇటలీ తిరిగొచ్చి బిగుతు కోటు, ఎత్తు విగ్గు, దానిమీద బుల్లి టోపీ పెట్టుకున్న కుర్రాళ్లను అప్పట్లో మకరోనీలు అనేవారు. ఈ బొమ్మలు పెద్దింటివాళ్ల డాబును ఉతికి ఆరేశాయని అందరూ మెచ్చుకుంటారు. నాకలా అనిపించలేదు. 1774లో వచ్చిన 'ఏంటీ, వీడు నా కొడుకు టామేనా' బొమ్మే చూడండి, పల్లెటూరి తండ్రి పట్నంలో కొడుకు వేషం చూసి నోరెళ్లబెడతాడు. అక్కడ నవ్వు ఎవరి మీద? రైతు కొడుకై ఉండి దొరలా తయారైనవాడి మీదే కదా.

అచ్చుసిరా:
ఒక్క బొమ్మ పట్టుకుని అంత మాట అనేస్తే ఎలాగండీ. స్ట్రాండ్ వీధి 39వ నంబరులో మేరీ, మాథ్యూ డార్లీ దంపతుల దుకాణం ఉండేది. వాళ్లు 1771-73 మధ్య మకరోనీల మీద బొమ్మలు గుట్టలుగా వేశారు. కెప్టెన్ కుక్ ఓడలో లోకం చుట్టొచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌నే 1772లో 'ఈగలు పట్టే మకరోనీ' అని, రెండు గోళాల మీద చెరో కాలు వేయించి సీతాకోకచిలుక వెంట పడేలా గీశారు. ఆయనేమీ రైతు కొడుకు కాదు, బోలెడు ఆస్తిపరుడు. పైగా కొనలేనివాళ్లు కూడా దుకాణం కిటికీ ముందు నిలబడి ఉచితంగా చూసి నవ్వుకునేవాళ్లు. దొరల్ని చూసి వీధి నవ్వడమంటే చిన్న విషయమా?

తెరచాటు:
నవ్వారు సరే, బ్యాంక్స్‌కి పోయిందేముంది? 1778లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి అధ్యక్షుడై, చచ్చేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. అదే 1772లో జూలియస్ సూబిజ్ మీద 'ముంగో మకరోనీ' అని వేశారు. కరీబియన్ దీవిలో బానిసగా పుట్టినవాడు, క్వీన్స్‌బెర్రీ డచెస్ చేరదీసి కత్తిసాము, గుర్రపుస్వారీ నేర్పించింది. ముంగో అనేది అప్పట్లో బాగా ఆడిన ఓ నాటకంలో నల్లజాతి బానిస పేరు. అంటే నువ్వు పట్టుబట్టలు కట్టినా నీ చోటేదో మాకు తెలుసు అని గుర్తుచేయడం. మరుసటి ఏడాది విలియం ఆస్టిన్ కూడా, అతను డచెస్‌తో కత్తిసాము చేస్తున్నట్టు ఎగతాళిగా బొమ్మ వేశాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారా?

పొద్దుపోని_పిల్ల:
సూబిజ్ తర్వాత కలకత్తా వచ్చి గుర్రపుస్వారీ నేర్పుతూ బతికాడు, 1798లో అక్కడే గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఎవరూ ఆడవాళ్ల ఊసే ఎత్తరేం? 1776లో డార్లీలు వేసిన బంకర్స్ హిల్ బొమ్మలో ఒకావిడ జుట్టు మీద గుడారాలు, ఫిరంగులు, జెండాలతో ఏకంగా యుద్ధమే నడుస్తుంటుంది. ముందేడు అమెరికాలో జరిగిన పోరు అది. ఆ బొమ్మలో ఎగతాళి జుట్టు మీదో, యుద్ధం మీదో తేల్చి చెప్పండి చూద్దాం.

కొత్తగా_చేరా:
ఆగండాగండి, అంత జుట్టు నిజంగా పెట్టుకునేవాళ్లా? మా వాట్సాప్ గ్రూపులో ఫొటో అన్నట్టే పంపుతున్నారు 😀

పొద్దుపోని_పిల్ల:
ఎత్తు నిజం, తోటలూ ఫిరంగులూ గీసినవాళ్ల అతి. లోపల ఉన్ని, గుర్రపు వెంట్రుకల దిండ్లు పెట్టి, కొవ్వు రాసి, పైన పొడి చల్లేవాళ్లు.

అచ్చుసిరా:
తెరచాటు గారూ, సూబిజ్ విషయంలో మీతో వాదించను, అది నీచమే. కానీ మేరీ డార్లీ సంగతి చూడండి, తను స్వయంగా రాగిరేకు మీద చెక్కేది, బయటివాళ్లను కూడా బొమ్మలు గీసి పంపమనేది. అలా పంపినవాళ్లలో పెద్దింటి ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు. వాళ్లను వాళ్లే వెక్కిరించుకున్నారన్నమాట.

తెరచాటు:
మీరు నా మాటే చెబుతున్నారు. గీసి పంపిందీ వాళ్లే, రంగులేసిన బొమ్మకి షిల్లింగు పెట్టి కొన్నదీ ఎక్కువగా వాళ్లే. మా గుంపులోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటుంటే, కిటికీ బయట జనం నవ్వారు కాబట్టి దాన్ని తిరుగుబాటు అనాలా?

అచ్చుసిరా:
తిరుగుబాటు అని నేనెక్కడన్నాను? కిటికీ బయటివాడి నవ్వుని కొన్నవాడి లెక్కలో కలిపేయకండి అంటున్నాను, అంతే.