తిరుపతి కొర్లగుంటలో మొదటి అక్వేరియం: చేపలు కొనేముందు ఏం చూసుకోవాలి?

శ్రావణి, కొర్లగుంట
మా పాప నాలుగో తరగతి. చేపలు పెంచుకుందామని ఒకటే పోరు. అంగడిలో అడిగితే గుండ్రటి గాజు బౌల్, రెండు గోల్డ్‌ఫిష్‌లు చాలు, రోజూ నీళ్లు మొత్తం మార్చేస్తే ఏ గొడవా ఉండదన్నారు. తెచ్చాక అవి పాప కళ్ల ముందే చనిపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. అందుకే ఇంకా ఏమీ కొనలేదు. మాకు కార్పొరేషన్ కుళాయి ఉంది, అపార్ట్‌మెంట్ బోరూ ఉంది. ఏ నీళ్లు పొయ్యాలి, ఏ చేపలు తేవాలి? పెంచుతున్నవాళ్లు చెప్పండి.

రవి, బైరాగిపట్టెడ
కొనకముందే అడిగారు, చాలా మంచిదమ్మా. బౌల్ వద్దు. గోల్డ్‌ఫిష్ అంగడిలో వేలంత ఉంటుంది కానీ సరిగ్గా పెంచితే జానెడు దాకా ఎదుగుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది. దానికి బౌల్ ఎక్కడ సరిపోతుంది?

అసలు సంగతి అమోనియా. చేప మొప్పల నుంచే అమోనియాను వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నా అది కంటికి కనబడదు. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషమే. నైట్రేట్ వాటంత ప్రమాదం కాదు, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చుకుంటే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా నీళ్లలో కంటే ఫిల్టర్ స్పాంజ్‌లో, అడుగున రాళ్ల మీద కాపురం ఉంటుంది. కొత్త తొట్టిలో కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

కాబట్టి ముందు తొట్టి కొనండి, చేపలు కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. నీళ్లు నింపి, స్పాంజ్ ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌లో మొదట అమోనియా పెరగాలి, తర్వాత అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. చేపలు తెచ్చే రోజు అదే. స్పాంజ్‌ను ఎప్పుడూ కుళాయి కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

చిత్తూరు గప్పీ
తెలిసినవాళ్ల దగ్గర బాగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల పాత స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి అక్కా. ఎండనివ్వకుండా, ఆ తొట్టి నీళ్లలోనే ముంచి తెండి. బాక్టీరియా రెడీగా వచ్చేస్తుంది కాబట్టి ఎదురుచూపు చాలా తగ్గుతుంది. ఆ తొట్టిలో జబ్బు చేపలు లేవని మాత్రం చూసుకోవాలి.

పద్మజ, ఎస్వీ నగర్
నీళ్ల సంగతి నేను చెబుతా. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లోని బాక్టీరియానూ చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసిన కొలత ప్రకారం వెయ్యండి. బకెట్‌లో పట్టి ఎయిర్ పంప్ పెట్టి ఒక రాత్రి ఉంచినా క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ మన వైపు ఉప్పు, సున్నం ఎక్కువ. గప్పీ, మోలీ, ప్లాటీలకు అలాంటి నీళ్లే నచ్చుతాయి. నియాన్ టెట్రాలు మెత్తని నీళ్ల (ఉప్పు, సున్నం తక్కువున్న నీళ్ల) చేపలు, వాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. లోతు బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు, కాబట్టి వాటినీ ఒక రాత్రి బుడగలు పట్టించి పొయ్యండి. ఆర్వో నీళ్లు మంచివనుకుని అవే నింపేవాళ్లున్నారు. అందులో ఖనిజాలు ఉండవు, ఒట్టి ఆర్వోలో చేప నిలవదు.

రేణిగుంట మురళి
అంగడిలో అడగాల్సిన మొదటి మాట, ‘ఈ సరుకు ఎప్పుడొచ్చింది?’ మన వైపు చాలా చేపలు చెన్నై కొళత్తూరు నుంచే వస్తాయి. ప్రయాణంలో నలిగిన చేపకు జబ్బు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. నిన్న దిగిన చేపను నేను కొనను. వారం ఆగి అదే తొట్టి మళ్లీ చూస్తా. రెక్కలు ఒంటికి అదుముకుని మూలన నిలబడిందా, పైకొచ్చి నోరు తెరుస్తోందా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నాయా, అదే తొట్టిలో చచ్చిన చేప ఉందా చూడండి. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ తొట్టిలోంచి ఒక్క చేపా తేవద్దు. కొంచెం మేత వెయ్యమనండి, ఆరోగ్యంగా ఉన్న చేప ఉరికొస్తుంది.

రంగులు అద్దిన చేపలు మాత్రం దయచేసి కొనకండి. గ్లాస్ ఫిష్‌కు సూదితో రంగు ఎక్కిస్తారు. ఆ నొప్పిని మనం డబ్బులిచ్చి కొన్నట్టే. మనం అడగడం మానేస్తేనే తెప్పించడం మానేస్తారు.

చిత్తూరు గప్పీ
ఇంటికి తెచ్చాక కవరు విప్పకుండా తొట్టిలో పదిహేను, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత విప్పి, ఐదు నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు తొట్టి నీళ్లు పోస్తూ గంట సేపు అలవాటు చెయ్యండి. ఎంత నిదానమైతే అంత మంచిది.

రవి, బైరాగిపట్టెడ
తమ్ముడూ, ఆ చివరి మాట అన్నిసార్లూ కుదరదు. ఊళ్లో అంగడి నుంచి అరగంటలో తెచ్చుకుంటే నువ్వు చెప్పిందే సరి. కానీ ఆక్సిజన్ పట్టిన కవరులో గంటల తరబడి ప్రయాణం చేసిన చేప సంగతి వేరు. ఆ కవరులో అమోనియా పేరుకుని ఉంటుంది, చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గి ఉంటుంది. పీహెచ్ తక్కువున్నంత సేపు ఆ అమోనియా పెద్దగా హాని చెయ్యదు. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమోనియా విషంగా మారుతుంది. గంట సేపు చేపను అందులోనే ఉంచితే దానికి నరకం. అలాంటప్పుడు కవరు మూసి ఉండగానే తొట్టిలో తేలనిచ్చి వేడి సమం చేసి, విప్పిన వెంటనే వలతో తీసి తొట్టిలో వదలాలి. ఏ కవరు నీళ్లయినా తొట్టిలో పొయ్యొద్దు.

చిత్తూరు గప్పీ
చెన్నై నుంచి తెచ్చే చేపలకు ఇకపై అలాగే చేస్తానన్నా.

పద్మజ, ఎస్వీ నగర్
ఎండాకాలం గురించి ఎవరూ అనలేదు. మే నెలలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల చేప కాబట్టి ముందు అదే అల్లాడుతుంది. మూత తీసి, పైన వల వేసి, ఫ్యాన్ గాలి నీళ్ల మీద తగిలేలా పెట్టండి. ఐస్ గడ్డలు వెయ్యొద్దు, ఒక్కసారిగా చల్లబడినా చేప తట్టుకోలేదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంప్ ఆదుకుంటుంది. ఫైటర్ చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అలాగని దాన్ని గ్లాసులో పెట్టి బతికించడం న్యాయం కాదు.

రేణిగుంట మురళి
పాచి తింటుందని సక్కర్ ఫిష్ అంటగడతారు, తీసుకోకండి. అది దక్షిణ అమెరికా చేప, అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదయ్యాక చెరువులోనో కోనేట్లోనో వదలడం పుణ్యం అనుకుంటారు కొందరు. అది అక్కడ గుడ్లు పెట్టి, సంతతి పెంచుకుని మన చేపల తిండికి, గుడ్లకు ఎసరు పెడుతుంది, జాలరుల వలలు చించుతుంది. ఏ అక్వేరియం చేపనూ బయట వదలొద్దు. పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వండి.

శ్రావణి, కొర్లగుంట
అందరికీ చాలా థ్యాంక్స్. రెండడుగుల తొట్టి, బోరు నీళ్లు, గప్పీలు అని అనుకున్నాం. టెస్ట్ కిట్ సున్నా చూపించేదాకా చేపలు లేవని పాపకు చెప్పాను, ఈలోపు హైడ్రిల్లా అనే నీటి మొక్క నాటుతానంది. గప్పీలు విపరీతంగా పిల్లలు పెడతాయట కదా, జంట కాకుండా ఆడవే తెస్తే సరిపోతుందా?

చిత్తూరు గప్పీ
ఆడవి వద్దక్కా. అంగడిలో మగవాటితో కలిసే ఉంటాయి, ఒకసారి కలిస్తే నెలల తరబడి మళ్లీ మళ్లీ పిల్లలు పెడుతూనే ఉంటాయి. మగవే తీసుకోండి. చిన్నగా, తోక రంగురంగులుగా ఉంటాయి, పొట్ట కింది రెక్క పుల్లలా సన్నగా ఉంటుంది. అన్నీ ఒకేసారి కాకుండా మొదట ఐదారు చాలు. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వెయ్యండి.